ఇంజను వదిలే గాలికి పేరు

ఇంజను ఎంత బరువు లాగుతుందో, ఎంత తక్కువ డీజిల్ తాగుతుందో రాసినవాళ్లకు పేరొచ్చింది. నేను జీతం తీసుకున్నది మాత్రం దాని వెనక గొట్టంలోంచి వచ్చేదాని మీద. నవ్వకండి. ఆ గొట్టాలకు, వాటి అతుకులకు, చివరికి అందులోంచి వచ్చేదానికి తెలుగులో పేర్లు కుదర్చడమే కొన్నాళ్లు నా ఉద్యోగం. యంత్రాల పుస్తకాలను తెలుగులోకి తెచ్చే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "సార్, దీనికి మంచి మాట చెప్పండి" అంటారు. చెప్తాను. మంచి మాట దొరకడానికి ఏం పోగొట్టుకోవలసి వస్తుందో మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా ఈసారి చెప్తున్నాను, వినండి.

డెబ్బైల చివరి సంగతి. జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీద, లారీలు ఆగే చోటికి ఎదురుగా, రేకుల కప్పు కింద మా శిక్షణ కేంద్రం ఉండేది. రైతులకు ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు ఎట్లా చూసుకోవాలో నేర్పడం దాని పని. ఇప్పుడా కేంద్రమూ లేదు, ఆ రేకులూ లేవు. మేం నలుగురం. తెలుగు టైపు వచ్చినందుకు నన్ను అనువాదకుడిగా తీసుకున్నారు. ఇంజను గురించి నాకు తెలిసిందల్లా మా మొగుడంపల్లి బస్సు ఏ గడ్డ ఎక్కలేక ఆగిపోతుందో, అంతే.

మాకు పై అధికారి ఇంజనీరు సారు. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి, ఉర్దూలో చదువుకుని, తెలుగును పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్న మనిషి. హైస్కూలు నుంచి మా దగ్గరికి పంపిన తెలుగు పంతులు ఇంకొకరు. నాలుగో ఆయన మేస్త్రి.

మేస్త్రిది న్యాల్‌కల్ వైపు ఊరు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, లారీ డ్రైవర్లతో ఉర్దూ, బోల్టు ఊడిరాకపోతే మరాఠీ. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు వినేవాడు. నాకంటే చాలా పెద్ద. నన్ను "కాగితాల తమ్మి" అని పిలిచేవాడు. మధ్యాహ్నం బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు విప్పి, నేను వద్దన్నా ఒకటి తుంచి నా డబ్బాలో వేసేవాడు. "తిని సూడు తమ్మీ, మా పాతర జొన్నలు. దుకాణం జొన్నలకు గీ వాసన రాదు" అనేవాడు. నిజమే, ఆ రొట్టెలకు ఏదో మాగిన వాసన ఉండేది. మొదట్లో నచ్చలేదు, తర్వాత అది లేకపోతే అన్నం దిగేది కాదు.

మాకు అప్పజెప్పిన పని ఒక చిన్న పుస్తకం. అంతకుముందు ఎవరో సైక్లోస్టైల్ చేసి పంచిన కరపత్రం ఒకటి ఉండేది. అందులో ఇంజను తల నుంచి పొగ బయటపడే కొస దాకా ఉన్న సామానంతటికీ ఒకే మాట: పొగగొట్టం. ఒక రైతుకు కావలసింది రెండు గొట్టాల మధ్య వేసే గ్యాస్కెట్, అరచేతిలో పట్టే బిళ్ల. ఆయన కరపత్రం చూపించి పొగగొట్టంది కావాలంటే, హైదరాబాదులో దుకాణంవాడు నిలువెత్తు సైలెన్సర్ కట్టి ఇచ్చాడు. దాన్ని బస్సు టాపు మీద ఎక్కించుకుని ఆ రైతు నేరుగా మా దగ్గరికే వచ్చాడు, తిట్టడానికి. తిట్లన్నీ ఓపికగా విని, ఆయనకు చాయ్ తాగించి పంపించాక ఇంజనీరు సారు బల్ల మీద చరిచాడు.

"ఏక్ పుర్జా, ఏక్ నామ్. ఒక పార్టుకు ఒక్కటే పేరు ఉండాలె. ఆ పేరు ఇంకోదానికి పెట్టద్దు. బస్."

అప్పట్నుంచి రోజూ భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం. మేస్త్రి బల్ల మీద గోనెసంచి పరిచి ఒక్కో పార్టు విప్పి పెట్టేవాడు. పంతులు పేరు పెట్టేవాడు. దాన్ని మేం నామకరణం అనేవాళ్లం. సిలిండర్ల నుంచి వచ్చే దారులన్నీ కలిసే మానిఫోల్డును ఎదుట పెడితే, పంతులు కళ్లు మూసుకుని "బహుముఖి" అన్నాడు. మేస్త్రి ఆ ఇనుప ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పంతులు సారూ, గిది బహుముఖి అయితె మరి రావణాసురుడు ఏమైతడు?"

పంతులు కోపగించుకోలేదు. ఆయనకు నవ్వొస్తే భుజాలు కదిలేవి తప్ప చప్పుడు వచ్చేది కాదు. సైలెన్సరుకు "ధ్వనిశమని" అన్నప్పుడు, "గిసొంటి మాట పెండ్లి పత్రికల రాస్తె మంచిగుంటది సారూ, దుకాణంల అడిగితె తన్ని పంపుతరు" అన్నాడు మేస్త్రి. మానిఫోల్డుకు చివరికి "కూడలి గొట్టం" అని నిలిచింది. అది పంతులుకే తట్టింది, కిటికీలోంచి బీదరు రోడ్డు మలుపు చూస్తుంటే. ఇంజనీరు సారు ఎంత మురిసిపోయాడో, ఆ రోజు అందరికీ సమోసాలు తెప్పించాడు. సైలెన్సరును సైలెన్సరుగానే వదిలేశాం. అన్నిటికంటే చివర ఉండే గొట్టాన్ని తోక గొట్టం అనాలని నేను, కొస గొట్టం అనాలని మేస్త్రి పట్టుబట్టి కొన్ని పూటలు మాట్లాడుకోవడమే మానేశాం. కొస గొట్టమే గెలిచింది. రొట్టె ముక్క మళ్లీ నా డబ్బాలో పడింది.

అన్నిటికీ పేర్లు కుదిరాయి, ఒక్కదానికి తప్ప. ఆ గొట్టాలన్నిట్లోంచి వచ్చేదానికి.

అదెందుకంత ముఖ్యమో తెలియాలంటే బావుల సంగతి చెప్పాలి. అప్పట్లో మా వైపు చాలా ఊళ్లలో కరెంటు లేదు, ఉన్నచోట ఉండీ లేనట్టే. చెరుకుకూ అల్లానికీ నీళ్లు ఆయిల్ ఇంజనుతోనే తోడేవాళ్లు. పంపు కొంత లోతు దాకానే నీటిని పీల్చగలదు. ఎండలు ముదిరి బావిలో నీళ్లు అడుగంటితే ఏం చేస్తారు? ఇంజనునే కిందికి దించుతారు. బావి లోపలి గోడకు గద్దె తొలిచి, దాని మీద ఇంజను బిగించి, పాత ట్రాక్టర్ల గొట్టాలు, లారీల గొట్టాలు ఒకదానికొకటి అతికించి గట్టు పైదాకా తెస్తారు. అతుకులు గట్టిగా ఉన్నన్నాళ్లు ఏ గొడవా లేదు. ఏదో ఒకనాడు గ్యాస్కెట్ కాలిపోతుంది. ఇంజను వదిలేదంతా బావిలోనే నిండుతుంది. ఇంజను ఆపడానికి దిగినవాడు ఎక్కి రాడు. వాణ్ని తేవడానికి దిగినవాడూ రాడు. ఒక్కో ఇంట్లో అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు అట్లా పోయారు. బావి బలి అడిగిందనేవాళ్లు ఊళ్లో.

వేసవి ముదిరేలోగా మా పుస్తకం రైతుల చేతుల్లో పడాలి. మా నలుగురికీ అదే ఆత్రం.

నేను టైపు మీద "ఇంజను పొగ నిండిన బావిలోకి దిగరాదు" అని కొట్టాను. మేస్త్రి ఆ వాక్యాన్ని చదివించుకుని విని, తల అడ్డంగా ఊపాడు.

"పొగ గాదు తమ్మీ."

"మరేందన్నా? వచ్చేది పొగే గదా."

"పొగ కనవడ్తె మనిషే దూరం జరుగుతడు. కండ్లు మండుతయి, దగ్గొస్తది. మంచిగ నడిచే ఇంజన్ పొగ ఇయ్యదు. కనవడకుంట వచ్చేదే సంపుతది."

ఆ సాయంత్రం రోడ్డవతల చాయ్ హోటల్లో కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. చెప్తూ నా మొహం చూడలేదు, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

"పోయిన ఎండకాలం ఒక పటేల్ ఇంజన్ బాగుచేసిన. నల్లగ పొగ కొడ్తుండె. అంత సాఫ్ చేసి, టైమింగ్ పెట్టి, చుక్క పొగ రాకుంట చేసిన. ఆయన మస్తు ఖుషీ అయిండు. 'మేస్త్రీ, నా ఇంజన్ బీడీలు బంద్ చేసింది' అని నవ్విండు. వారం తిరగలే తమ్మీ. బావిల దిగి పాయె. పొగ లేదు గదా, ఏం గాదని దిగిండట."

"నీ తప్పేముందన్నా అండ్ల?"

"తప్పని ఎవరన్నరు? పొగ తీసేసిన, దానెంబడి భయం గూడ తీసేసిన. ఇగ దాని జాగల ఏమన్న పెట్టాలె గదా."

చాయ్ డబ్బులు ఆ రోజు నేనిచ్చాను.

మర్నాటి నుంచి ఆ ఒక్క పేరు మీదే మా నామకరణం ఆగిపోయింది. ఇంజనీరు సారు నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరించాడు: మంట మండినప్పుడు గాలిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది, రంగూ వాసనా లేని విషం ఒకటి పుడుతుంది. పంతులు పొద్దున్నే సంతకు కూరగాయలు తెచ్చినట్టు రోజుకో మాట తెచ్చేవాడు. "నిర్గమ వాయువు" అన్నాడు. ఎవరికి అర్థమవుతుందన్నాడు మేస్త్రి. "విషవాయువు" అన్నాడు. మాకందరికీ నచ్చింది. మేస్త్రికి నచ్చలేదు.

"విషమంటె ఎండ్రిన్ పురుగుల మందు డబ్బ యాదికొస్తది సారూ. 'నా ఇంజన్ల నేనెందుకు విషం పోస్త, నాకేమన్న పిచ్చా?' అంటరు. నవ్వుతరు, దిగుతరు."

మొదట్లో మా మాటల్ని చూసి ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు మా అందరికంటే ఛాందసుడైపోయాడు. పంతులు తెచ్చిన ప్రతి మాటనూ నాలుక మీద పెట్టుకుని చూసి ఉమ్మేసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి అనేశాను కూడా, "అన్నా, నీకు మేస్త్రి పని ఎవరిచ్చిన్రు? కవిత్వం రాసుకోరాదు?" అని. నవ్వాడు తప్ప పట్టు వదల్లేదు.

అల్లం గడ్డలు తవ్వేశారు, చెరుకు బండ్లు తగ్గాయి, రోడ్డు మీద తారు మెత్తబడింది. ఇంజన్లు బావుల్లోకి దిగుతున్నాయని కబురు వచ్చింది. ఇంజనీరు సారుకు ఓపిక చచ్చిపోయింది.

"మేస్త్రీ, నీ జిద్దు బంద్ చెయ్. కితాబు గీ టేబుల్ మీద పడి ఉంటె ఎవరికి ఫాయిద? విషవాయువు అని రాసి పంపుదం."

"సార్, ఒక్క పారి మా దిక్కు పోయొస్త. ఊర్లల్ల అడుగుత. ముసలోళ్లకు ఎర్కుంటది."

"అరే భాయ్! ఇంజన్ పుట్టకముందు పుట్టినోళ్లకు ఇంజన్ గ్యాస్ పేరు ఎట్ల ఎర్కుంటది?"

మేస్త్రి వేస్టు దూదితో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు. తుడిచిన వేలినే మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. ఇంజనీరు సారు కాసేపు అటు చూసి, చివరికి చెయ్యి విసిరాడు.

"జావ్. కానీ నువ్వు తిరిగొచ్చినంక, ఏ మాటైనా సరే, ప్రెస్సుకు పోతది. ఇగ ఆగేది లేదు."

నాకప్పుడు ఇంజనీరు సారు చెప్పిందే న్యాయంగా తోచింది. ఇప్పటికీ అదే తోస్తుంది. విషవాయువు అని అచ్చు వేసి పంచి ఉంటే ఆకాశం విరిగి మీద పడేది కాదు. కానీ ఆ రోజు మేస్త్రి మొహం చూసినవాడెవడూ వద్దనలేడు.

మర్నాడు పొద్దున బస్సెక్కబోతూ మా ఆఫీసు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "తమ్మీ, మిషన్ల కొత్త రిబ్బన్ ఏస్కో. నేనొచ్చినంక గా మాట మంచిగ నల్లగ కొట్టాలె" అన్నాడు. నేను సరేనన్నాను. తల కూడా ఎత్తలేదనుకుంటాను, ఏదో టైపు చేస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం, రోజూ నామకరణం జరిగే వేళకు, ఒక బస్సు మా ఆఫీసు ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచే కేకేశాడు.

"సారూ, మీ ఇంజన్ మేస్త్రిని ట్రాలీల ఏసుకోని దవాఖానకు తీస్కపోయిన్రు. జల్దీ పోన్రి."

ముగ్గురం పరుగెత్తాం. పంతులు చెప్పులు దారిలో ఎక్కడో జారిపోయాయి. మేం పోయేసరికి దవాఖాన లోపల మంచం మీద ఒక యువకుడు కక్కుకుంటూ, దగ్గుకుంటూ ఉన్నాడు. బతికాడని డాక్టరు చెప్పాడు. బయట వరండాలో దుప్పటి కప్పి మేస్త్రిని పడుకోబెట్టారు. పాదాలు బయటికి ఉన్నాయి. గోళ్ల కింద ఆయన ఎంత రుద్దినా పోని ఇంజనాయిలు అట్లాగే ఉంది. ఇంజనీరు సారు ఆ పాదాల దగ్గర నేల మీద కూలబడ్డాడు. నా బతుకులో చాలా చావులు చూశాను. ఆ పాదాలు చూసినప్పుడు ఏడ్చినట్టు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

మంచం మీద ఉన్న యువకుడి అన్న మా దగ్గరికి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దుట్నుంచి జరిగిందంతా ఆయనే చెప్పాడు.

మేస్త్రి పొద్దున్నే వాళ్ల ఊళ్లో దిగాడు. తెలిసినవాళ్లే కాబట్టి నేరుగా వాళ్లింటికి వెళ్లాడు. అప్పుడక్కడ పాతర తీస్తున్నారు. పాతరంటే తెలియని పిల్లలు ఉంటారు: వాకిట్లో మనిషి దిగేంత గొయ్యి తవ్వి, లోపల జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ వేసి మట్టి మెత్తేవాళ్లు. నెలల తరబడి గింజ చెడేది కాదు. కానీ ఏ పాతరనూ తీసిన వెంటనే దిగకూడదు. మూత తీసి వదిలేయాలి, తర్వాత తాడు కట్టి దీపం దించి చూడాలి. దీపం వెలిగితేనే మనిషి దిగాలి. ఆ ఇంటి ముసలమ్మ దీపం దించింది. అది ఆరిపోయింది. దిగబోయిన మనవణ్ణి ఆమె రెక్క పట్టి వెనక్కి గుంజింది. "పాతర గాలి ఇంక పోలేదురా, సస్తవ్!" అంది.

"గా మాట ఇని మేస్త్రి నెత్తి కొట్టుకున్నడు సారూ" అన్నాడు ఆ అన్న. "'దొరికింది! దొరికింది!' అని నవ్వుడే నవ్వుడు. మా అవ్వ కాళ్లకు మొక్కిండు. 'అవ్వా, మా సార్లు ఎన్ని దినాల సంది ఎత్కుతున్నరో గీ మాటకు!' అన్నడు. మాకేం తెల్వలే. చాయ్ పెట్టమన్నం. గంతల్నే చేను దిక్కు నుంచి ఒర్లుడు ఇనవడ్డది."

వాళ్ల తమ్ముడు ఇంజను ఆపడానికి బావిలో దిగి, గద్దె మీద పడిపోయాడు. వీళ్లు పోయేసరికి బావి చుట్టూ జనం. అప్పటికే కొందరు అంగీలు విప్పి దిగబోతున్నారు, అన్న అందరికంటే ముందు. మేస్త్రి ఆయన్ని గట్టు మీంచి వెనక్కి తోసి, జనం అందరికీ వినబడేట్టు అరిచాడు. "ఆగున్రి! బావిల పాతర గాలి నిండింది! ఎవ్వరు దిగద్దు!"

"అందరం ఆగినం సారూ. కాళ్లు కట్టేసినట్టయింది. పొగ అంటె ఆగకపోతుంటిమి. దయ్యం అన్నా ఆగకపోతుంటిమి. పాతర గాలి అంటె పుట్టినకాడి నుంచి ఎర్కే గదా."

మేస్త్రి వేపకొమ్మలు తెప్పించి బావిలో విసిరించాడు. బిందెలతో నీళ్లు గుమ్మరించారు, గాలి కదలడానికి. కానీ కింద పడ్డవాడు కదలడం లేదు, ఇంకా ఆగితే దక్కడు. మేస్త్రి తాడు నడుముకు కట్టుకున్నాడు. ఊపిరి బిగపట్టి పోయి వస్తానని, తను పిలిచినా సరే ఇంకెవరూ దిగొద్దని, దీపం దించి చూసుకోనిదే అడుగు పెట్టొద్దని ఒట్టు వేయించుకుని దిగాడు. ఇంజను ఆపాడు. తన నడుముకున్న తాడు విప్పి పడ్డవాడికి కట్టాడు. వీళ్లు లాగారు. వాడు పైకి వచ్చాడు.

"ఆయన మెట్లెక్కుకుంట వస్తుండె సారూ. కొన్ని ఎక్కిండు. నడుమల మెట్టు మీద కూసున్నడు. అలిసిపోయి కూసున్నట్టే కూసున్నడు. మేం తాడు ఏసినం, పట్టుకోలే. నేను దిగుత అన్న. మా కాక నన్ను గుంజి పట్టిండు. 'పాతర గాలి అని ఆయనే అనలేదారా? ఒట్టేస్తివి గదరా' అన్నడు. దీపం దించినం. ఆరిపాయె. కొమ్మలు ఇసిరి, నీళ్లు కొట్టి, మల్ల దించినం. మల్ల ఆరిపాయె. దీపం నిలవడ్డంక దిగినం సారూ. అప్పటికి..."

ఆయన మొహం తుడుచుకుని అన్నాడు. "గా మాట అనకుంటె మేమంత దిగుతుంటిమి సారూ. మా ఇంట్ల అందరం సచ్చిపోతుంటిమి. గా మాట అన్నందుకే ఆయనకాడికి ఎవ్వరు దిగకపాయె."

ఇన్నేళ్లలో ఈ మాటను నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. దానికి ఇటువైపు ఎంత నిజమో అటువైపూ అంతే నిజం. ఏ వైపు పట్టుకున్నా చెయ్యి తెగుతుంది.

మర్నాడు ఆఫీసులో ముగ్గురం గోనెసంచి పరిచిన ఆ బల్ల చుట్టూ కూర్చున్నాం. ఇంజనీరు సారు ఒకటే మాట అంటూ పోయాడు. "నేను నహీ అంటె పోకపోతుండె. ఒక్క మాట, నహీ." పంతులు ఎవరితోనో కాదు, తనతో తాను అన్నట్టు అన్నాడు.

"మా ఇంట్లో కూడా పాతర ఉండె. చిన్నప్పుడు మా నాయన నన్ను దాని దిక్కు పోనియ్యకపోతుండె."

మా ఇంట్లోనూ ఉండేది. నేనూ చిన్నప్పుడు దీపం దించడం చూశాను. ఆ మాట మా నలుగురిలో ముగ్గురికి తెలుసు. పట్నంలో పెరిగిన ఇంజనీరు సారుకు తప్ప. నోట్లో పాతర జొన్నల రొట్టె నములుతూ ఆ బల్ల దగ్గరే కూర్చుని వెతికాం. అది జొన్నల మాట అనుకున్నాం తప్ప ఇంజను మాట అవుతుందని ఎవరికీ తట్టలేదు. మేస్త్రికి కూడా తట్టలేదు పాపం, అదే నన్ను ఎక్కువ ఏడిపిస్తుంది.

ఆ అధ్యాయాన్ని పంతులు తన చేత్తో మళ్లీ రాశాడు. ఒక్క సంస్కృత మాట లేకుండా రాశాడు. నేను కొత్త రిబ్బన్ వేసి, మంచిగా నల్లగా కొట్టాను. పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆ వేసవి సగం పోయింది. అయినా ఊరూరా తిరిగి పంచాం, చదవడం రానివాళ్లకు చదివి వినిపించాం. మరుసటి ఏడు మా మొగుడంపల్లి వైపు వెళ్తూ ఒక చేనులో చూశాను. ఒకావిడ బావి గట్టున వంగి, తాడుకు కట్టిన దీపాన్ని కిందికి దించుతోంది. పక్కన ఆమె మొగుడు అంగీ విప్పి, దిగడానికి సిద్ధంగా, పిల్లవాడిలా ఆమె చెప్పేదాకా ఆగి నిలబడ్డాడు. పట్టపగలు, నెత్తి మాడే ఎండలో దీపం. నేను సైకిలు దిగి అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత ఎనభైల్లో పుస్తకాన్ని మళ్లీ వేశారు. అప్పటికి పంతులు రిటైరయ్యాడు, ఇంజనీరు సారుకు బదిలీ అయింది. పైనుంచి వచ్చిన పెద్దలు కూర్చుని పాతర గాలి తీసేసి నిర్గమ వాయువు అని పెట్టారు. నేను గట్టిగానే కొట్లాడాను. "పాతరలు ఇప్పుడెక్కడున్నాయండీ? అంతా సంచులూ గోదాములే కదా. ఈ మాట ఎవరికి తెలుసు?" అన్నారు. అబద్ధం కాదు. పాతరలు పూడ్చుకున్నారు, ఆ మాటకున్న భయమూ వాటితోనే పూడిపోయింది. ఇంకొన్నాళ్లకు కరెంటు వచ్చింది, బోర్లు వచ్చాయి, బావుల్లోకి ఇంజన్లు దించేవాళ్లే లేకుండా పోయారు. పిల్లలూ, మీరు వెతికే మాటలకూ ఇదే గతి పడుతుంది, ముందే చెప్తున్నాను. అట్లాగని వెతకడం మానకండి. కాకపోతే బయల్దేరేముందు ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. ఈ బుద్ధి నాకు ఎవరు చెప్పారో చెప్పి ముగిస్తాను.

మొదటి అచ్చు వచ్చిన వారంలోనే పంతులూ నేనూ ఒక పుస్తకం తీసుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాం. వదిన మాకు పీట వేసి, నీళ్లిచ్చి, గడపలో కూర్చుంది. "ఏన్ మాడోదు తమ్మీ, ఏం జేస్తం" అని ఆమే మమ్మల్ని ఓదార్చింది. పుస్తకం చేతికిస్తే తిరగేసి చూసింది. కూడలి గొట్టం బొమ్మ మీద వేలు పెట్టి, ఇవి ఆయన విప్పే సామానులేనా అని అడిగింది. తర్వాత పుస్తకం నాకిచ్చింది.

"ఆయన మాట ఏడున్నదో సదువు తమ్మీ."

చదివాను. "ఇంజను వదిలేది పొగ కాదు. అది పాతర గాలి. కంటికి కనబడదు. దీపం దించి చూడనిదే బావిలో దిగవద్దు."

"గీ మాట కోసమేనా ఊర్లు పట్టుకోని తిరిగింది?"

పంతులు తల వంచుకున్నాడు. ఔనన్నాను నేను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వాకిట్లోకి నడిచి, అంచుల చుట్టూ మట్టి మెత్తిన ఒక వెడల్పాటి బండ దగ్గర ఆగింది. వాళ్ల పాతర మూత.

"రోజు పొద్దుగాల గీ బండ మీదనే కూసోని రొట్టె తింటుండె" అంది. "నేను గీడ నిలవడి పెడ్తుంటి. ఒక్కనాడన్న నన్ను అడగకపాయె తమ్మీ."